కూడలిలో మాయమైన కొమ్మ

"బావా, ఈ ఖండం మొత్తం మీద ప్రస్తుతం పనిచేస్తున్న బుర్రలు రెండే రెండు. ఆ రెండోది ఎవరిదో ఇంకా కనిపెట్టాల్సి ఉంది."

ఈ మాట అన్నవాడు ఒరెస్తే. అనే సమయానికి ఇటలీలోని త్రియెస్తే ఊళ్లో నా కళ్లజోళ్ల దుకాణంలో, కళ్లు పరీక్ష చేసే కుర్చీలో కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడ మీద ఉన్న అక్షరాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని అప్పుడే తప్పు చదివాడు. నా భార్యకు స్వయానా అన్న కాబట్టి అతనికి కళ్లజోడు ఉచితం, కుర్చీ ఉచితం, నా చెవులు కూడా ఉచితం.

ఓడరేవు గోదాముల్లో మూటల మీద ముద్రలు కొట్టి రిటైరయ్యాక ఒరెస్తే రెండు వృత్తులు చేపట్టాడు. దేశదేశాల నుంచి తినడానికే ప్రయాణాలు చేసే జనానికి ఎక్కడ తినాలో చెప్పడం ఒకటి. దానికోసం ఫోన్లో 'ఒరెస్తే నాలుక' అనే పేజీ నడుపుతున్నాడు. అపరాధ పరిశోధన రెండోది. నిజానికి ఈ రెండూ ఒకటేనట. మంచి హోటల్ని అడిగి తెలుసుకునేవాడు మామూలు మనిషి, ఆధారాల్ని బట్టి పసిగట్టేవాడు మేధావి. వేలిముద్రలు అబద్ధం చెప్పొచ్చుగానీ చొక్కా మీద నూనె మరక చెప్పదని అతని సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ప్రకారమే పోయిన వేసవిలో, ఒకింట్లోంచి చొక్కాల మీద మరకలతో జనం బయటికి రావడం చూసి, అది రహస్యంగా నడుస్తున్న భోజనశాల అని తేల్చి పేజీలో రాసేశాడు. బెల్జియం నుంచి వచ్చిన ఒక బృందం వెళ్లి కడుపారా తిని వచ్చింది. అది చావు భోజనం. ఆ బెల్జియం వాళ్లు ఐదు నక్షత్రాలిచ్చి, వడ్డించేవాళ్ల మొహాలే కొంచెం దిగులుగా ఉన్నాయని రాశారు. ఒరెస్తే ఈ సంగతిని ఇప్పటికీ తన విజయాల్లోనే చెప్పుకుంటాడు.

రెండో బుర్ర ఎవరిదై ఉంటుందో అతను ఆలోచిస్తుండగా దుకాణం తలుపు తోసుకుని నెవెంకా వచ్చింది. గుట్ట మీది ఊళ్లో ద్రాక్షతోట ఉన్న మనిషి. ఆమె మొగుడు, కార్లో అనే ఆయన, చనిపోయి ఏడాది దాటలేదు. వచ్చీ రాగానే తన కళ్లు పరీక్ష చెయ్యమంది.

"పొద్దున కూడలిలో కొమ్మ కడతాను సిల్వానో. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఉండదు. మళ్లీ కడతాను. మళ్లీ ఉండదు. నేను కడుతున్నానో, కట్టాననుకుంటున్నానో నాకే తెలియట్లేదు."

మా గుట్టల మీద తోటలున్నవాళ్లు ఏడాదిలో కొన్నాళ్లు ఇంటి ముంగిట్లో నాలుగు బల్లలు వేసి సొంత వైన్, సొంత పంది తొడమాంసం, ఉడకబెట్టిన గుడ్లు అమ్ముకుంటారు. దాన్ని ఓస్మిట్సా అంటాం. బోర్డులూ ప్రకటనలూ ఉండవు. దారులు చీలే చోట, గోడలకు పాకే ఐవీ తీగ కొమ్మ ఒకటి గుబురుగా వేలాడదీసి, కింద ఎర్ర బాణం చెక్క తగిలిస్తారు. కొమ్మ ఉంటే వైన్ ఉన్నట్టు. వైన్ అయిపోయిన రోజున ఆ ఇంటివాళ్లే కొమ్మ విప్పేస్తారు. మా జనానికి మొహం మీద ముక్కు ఎంత తెలుసో ఈ సంగతీ అంతే తెలుసు. కొమ్మ లేకపోతే వెతకరు, అయిపోయిందనుకుని వేరే గుట్ట ఎక్కుతారు.

నెవెంకా కళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆ సంగతే చెప్పాను. ఆమె లేవలేదు. ఈసారి వైన్ తన చేత్తో తీసిందట, కార్లో లేకుండా మొదటిసారి. పీపాలు ఖాళీ అయితే తోట ఉంచుకుంటుంది. కాకపోతే కొంటానని అడుగుతున్నవాడికి ఇచ్చేస్తుంది. అతను తీగెలన్నీ పీకించి విడిది ఇల్లు కట్టి, పక్కన ఈతకొలను తవ్వించుకుంటాడట.

"మా అమ్మాయి ఇచ్చెయ్యమనే అంటోంది," అంది. "నా వైన్ తాగేవాళ్లుంటే దానికి జవాబు చెప్పగలను. లేకపోతే ఏం చెప్పను?"

నాకు బాధేసింది. కార్లో బతికున్న రోజుల్లో ఆ ముంగిట్లో నేనూ చాలా సాయంత్రాలు గడిపాను. ఏదో ఓదార్పు మాట అనబోతున్నాను. ఈలోగా వెనక కుర్చీ కిర్రుమంది. ఒరెస్తే లేచి, కోటు కాలర్ పైకెత్తుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"అమ్మా, మీరు సరైన చోటికే వచ్చారు," అన్నాడు కిటికీతో. "ఇది కొమ్మ కాదు. కుట్ర."

సముద్రం ఒడ్డున తెల్ల గుడ్డలు పరిచిన పెద్ద హోటళ్లన్నీ కలిసి గుట్ట మీది చిన్న బల్లల్ని తుడిచిపెట్టడానికి రహస్య సంఘం పెట్టుకున్నాయని అతను అక్కడికక్కడే తేల్చేశాడు. వెనక విదేశీ హస్తం ఉందన్నాడు. నేను మా ఊరి గాలి సంగతి గుర్తుచేశాను. శీతాకాలం ముందర ఆ గాలి వీచిందంటే మనుషులే దీపస్తంభాల్ని కౌగిలించుకుని నిలబడతారు, కొమ్మ ఎంత? ఒరెస్తే నన్ను జాలిగా చూశాడు. గాలికి ఉద్దేశం ఉండదట. ఉద్దేశం లేనివాడిని అనుమానించడం పోలీసుల పద్ధతట.

కారు నాది, పెట్రోలు నాది, పరిశోధన అతనిది. గుట్టెక్కి కూడలికి చేరాం. రాయికి కొట్టిన కొక్కెం ఖాళీగా ఉంది. ఒరెస్తే భూతద్దం తీసి కొక్కేన్ని పరీక్షించి, నేరస్తుడు చేతులున్నవాడని చెప్పాడు.

అప్పుడే సైకిళ్ల మీద హాలండ్ దంపతులు వచ్చారు. వీళ్లది తిండి ప్రియులనే జాతి. సొంత ముక్కును నమ్మరు, ఎవడో రాసిన జాబితాను నమ్ముతారు. వాసన వస్తున్న ఇంటి ముందునుంచే వెళ్లిపోయి, జాబితాలో ఉన్న ఇంటి ముందు ఆకలితో క్యూ కడతారు. ఎక్కడో నాలుగు దేశాల అవతల బయల్దేరి, దారి పొడవునా చప్పరించుకుంటూ వచ్చి, నెవెంకా ముంగిలి కోసం నిన్నటి నుంచీ తిరుగుతున్నారట.

ఒరెస్తే వాళ్లను విచారించాడు. నిన్న సాయంత్రం ఎక్కడున్నారని గద్దించాడు. భర్త పరవశంగా కళ్లు మూసుకుని నిన్న తిన్న చేపల పులుసు గురించి చెప్పాడు. సాక్షులున్నారా అన్నాడు ఒరెస్తే. నిమ్మకాయ ముక్క కూడా ఉందని ఆవిడ చెప్పింది. ఆవిడ సంచిలో దొరికిన ఒక ఆకును ఒరెస్తే సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నాడు. అది వంటల్లో వేసే బిర్యానీ ఆకు.

వెళ్లేముందు ఆయన ఒక్క పనికొచ్చే మాట చెప్పాడు. నిన్న ఇక్కడే నిలబడి ఓస్మిట్సాకు దారేదని ఒక పెద్దాయన్ని అడిగితే, ఆయన ఎంతో మర్యాదగా రైలు స్టేషనుకు పంపించాడట. ఆ పెద్దాయనకు చెవుల దాకా తెల్ల మీసాలున్నాయట.

నెవెంకా ముంగిట్లోకి వెళ్లేసరికి బల్లలన్నీ ఖాళీ. చెట్టు కింద మంచి బల్ల దగ్గర మాత్రం ముగ్గురు ముసలాళ్లు, ద్రాగో, పెపి, స్టాంకో, పేకాడుతున్నారు. కార్లో చిన్ననాటి నేస్తాలు. ముగ్గురి మధ్యా ఒకటే కూజా. అందులో వైన్ పొద్దుటి నుంచీ ఎంత ఉందో అంతే ఉన్నట్టుంది. ద్రాగోకు చెవుల దాకా తెల్ల మీసాలు.

నేను ఒరెస్తే పక్కటెముకల్లో పొడిచాను. అతను నా చెయ్యి తోసేసి, సరాసరి ద్రాగో ఎదుట కూర్చుని, ఈ చుట్టుపక్కల అనుమానంగా ఎవరైనా తిరుగుతున్నారా అని అడిగాడు.

ద్రాగో ముక్కల్లోంచి తలెత్తలేదు. "నల్ల కోటువాడొకడు కనిపించాడు. పొడుగ్గా ఉన్నాడు," అన్నాడు.

"బాగా పొడుగు," అన్నాడు పెపి.

"కుంటుతున్నాడు కూడా," అన్నాడు స్టాంకో. అది కొంచెం ఎక్కువైందనుకున్నాడేమో, ద్రాగో అతని కాలు తొక్కాడు.

వాళ్ల సహకారానికి ఒరెస్తే ఒక్కొక్కరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అవతల వేరే బల్ల దగ్గర కూర్చున్నాక నేను మీసాల మాట ఎత్తాను.

"అక్కడే నీకూ నాకూ తేడా బావా," అన్నాడు. "దొంగ అన్నవాడు మీసాలు అంటించుకుని వస్తాడు. ఉన్న మీసాలతో ఎవడైనా వస్తాడా? మీసాలు అసలువే కాబట్టి ద్రాగో నిర్దోషి."

పోనీ నేనే నెవెంకాతో చెబుదామా అంటే, మొగుడి ప్రాణస్నేహితుడి మీద, అందులోనూ ఒక సైకిలువాడి మాట పట్టుకుని, ఎలా చెప్పను? ఆమె మాకు గుడ్లు పెట్టింది, వైన్ పోసింది. నేను తాగుతుంటే నా మొహం వంకే చూస్తూ నిలబడింది. బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. నేను మొహమాటానికి అంటున్నాననుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం మాటు వెయ్యాలని ఒరెస్తే నిర్ణయించాడు. కూడలిలో దాక్కోవడానికి గోడ లేదు, పొద లేదు. "మారువేషం," అన్నాడు గొంతు తగ్గించి. కారు వెనక సీట్లోంచి ఒక పెద్ద కట్ట దించాడు. మా ఇంటి వెనక గోడకు పాకిన ఐవీ తీగ మొత్తం కోసుకొచ్చాడు. నా భార్య ఆ తీగను పాతికేళ్లుగా పెంచుతోంది. తల నుంచి మోకాళ్ల దాకా దాన్ని చుట్టుకుని, అప్పటికే మళ్లీ ఖాళీ అయిన కొక్కెం పక్కన నిలబడ్డాడు. బయటికి కనిపిస్తున్నదల్లా ముక్కు. చలికి అది ఎర్రగా కందిపోయి ఉంది. అది సరిగ్గా నెవెంకా ఇంటి వైపు తిరిగి ఉంది.

నేను కొంచెం దూరంలో కారులో కూర్చున్నాను. నేనున్నది అతనికి సాయంగానని అతని నమ్మకం. కారులో వేడి ఉందని నా కారణం.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. ఆదివారం గుట్టెక్కి తిని తాగి దిగే పట్నం జనం బిలబిల్లాడుతూ దిగారు. వాళ్ల వెనకే తిండి జాబితాలు పట్టుకున్న పరాయి దేశాల వాళ్లు, వాళ్ల వెనక సైకిళ్ల మీద హాలండ్ దంపతులు. కూడలికి వచ్చి అందరూ ఆగారు. ఎదురుగా గుబురుగా ఐవీ ఉంది, కింద ఎర్రగా ఏదో ఉంది.

ముందు ఒరెస్తే కదలలేదు. తర్వాత ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి ఆకులు పట్టుకుని చూసింది. ఈసారి కొమ్మ బలంగా కట్టారని మెచ్చుకుంది. ఒరెస్తే మెల్లిగా ఒకడుగు వెనక్కి వేశాడు. జనం ఒకడుగు ముందుకు వేశారు. ఇంకో నాలుగడుగులు వేశాడు. వాళ్లూ వేశారు. కొమ్మ నడుస్తోందేమిటని ఎవరో అడిగితే, పెద్దావిడ కొత్త పద్ధతి కాబోలని సర్దిచెప్పింది. పరాయి దేశాల వాళ్లకు అదీ తెలియదు. కొమ్మ ఎటుంటే వైన్ అటుంటుందని జాబితాలో రాసి ఉంది, అంతే.

ఒరెస్తే ఒక్కసారి ఆకుల సందుల్లోంచి చూశాడు. ముప్పై నలభై మంది ఆకలిగా తన వంకే చూస్తున్నారు. రహస్య సంఘం మొత్తం కట్టగట్టుకుని వచ్చిందని అతనికి అర్థమైపోయింది. పరుగు లంకించుకున్నాడు.

జనమూ పరిగెత్తారు. బల్లలు నిండిపోతాయేమోనని వాళ్ల కంగారు వాళ్లది. నేను కారు స్టార్ట్ చేసి వెనకే బయల్దేరాను. ఇరవై ఏళ్లలో ఒరెస్తే మెట్లెక్కడం కూడా చూడని నేను, ఆ రోజు అతను రాతిగోడ దూకడం చూశాను. ఆకులు రాలుతున్నాయి. ఆ రాలిన ఆకుల్ని పట్టుకుని దారి తప్పిన వాళ్లు కూడా వచ్చి కలిశారు.

భయంలో నెవెంకా ఇల్లు గుర్తుపట్టలేక ఒక వాకిలి ముందే తిరిగి, పక్కనే ఉన్న ద్రాగో ఇంట్లో దూరాడు. ఎదురుగా కట్టెల కొట్టు కనిపిస్తే అందులోకి ఉరికి తలుపేసుకున్నాడు. వెంట వచ్చిన జనం ద్రాగో వాకిట్లో ఎక్కడ చోటు దొరికితే అక్కడ, మెట్ల మీదా, చక్రాల బండి మీదా కూర్చుని తెరానో, అంటే మా గుట్టల ఎర్ర వైన్, తెమ్మని కేకలేశారు.

గోల విని గోడ అవతలి నుంచి ముసలాళ్లు ముగ్గురూ పేకముక్కలు పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. నెవెంకా కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కొట్టు తలుపు మీద చెయ్యేసి ద్రాగో అడ్డం నిలబడ్డాడు. లోపల ఏమీ లేదన్నాడు. అంతలో లోపలివాడు తలుపు తన్నాడు.

ఒరెస్తే బయటికొచ్చాడు. ఒంటి మీద మా ఇంటి తీగ, మెడలో వేరే ఐవీ కొమ్మ, చొక్కా గుండీకి తగులుకుని ఎర్ర బాణం చెక్క. వెనక కట్టెల మధ్య కొమ్మలు గుట్టగా పడి ఉన్నాయి. కొన్ని వాడిపోయి, కొన్ని ఇంకా పచ్చగా. వాటి కింద ఎర్ర బాణాలు.

"ద్రాగో గారూ, మీరు నా ప్రాణం కాపాడారు," అన్నాడు రొప్పుతూ. "ఇవి ఇక్కడ లేకపోతే కట్టెల మీద పడి నడుం విరిగేది. దొంగల చేతికి చిక్కకుండా మీరే భద్రపరిచారన్నమాట. ఇలాంటి పౌరులు ఊరికొకరు ఉంటే చాలు."

అందరూ ద్రాగో వంక తిరిగారు. తను బాగా చెప్పాననుకుని ఒరెస్తే నిటారుగా నిలబడ్డాడు.

నెవెంకా వంగి ఒక కొమ్మ తీసింది. ముడి చూసింది. తను కట్టిన ముడే.

"నువ్వా?" అంది ద్రాగోను.

ద్రాగో మీసాలు నిమురుకున్నాడు. "పోయినేడు ఎవరో ఏదో పేజీలో నీ ఇంటి గురించి రాశారు నెవెంకా. ఊరూ పేరూ తెలియనివాళ్లంతా వచ్చి పడ్డారు. ఒకడు నా కుర్చీ ఎక్కి గుడ్డుకు ఫొటో తీశాడు. కార్లో, నేను, వీళ్లిద్దరూ... ఆ బల్ల మాది. కార్లో ఎలాగూ పోయాడు. బల్లన్నా మిగలాలి కదా అనుకున్నాం."

ఆ పేజీ ఎవరిదో నాకు తెలుసు. ఒరెస్తేకూ తెలుసు. తన రచన ఇంత దూరం ప్రభావం చూపినందుకు వినయంగా తల వంచాడు.

"మీ ముగ్గురూ కలిసి ఒక కూజా తెల్లారి నుంచి పొద్దుగూకే దాకా సాగదీస్తారు," అంది నెవెంకా. ఆమె గొంతు పెద్దది కాలేదు. "జనం రావట్లేదంటే నా వైన్ బాగోలేదనుకున్నాను ద్రాగో. అందరూ కార్లో కోసమే వచ్చేవాళ్లేమో, నా చెయ్యి మంచిది కాదేమో అనుకున్నాను. రోజూ మీకు పోస్తూనే ఉన్నాను. ఒక్కడన్నా నోరు విప్పి బాగుందనలేదు."

"బాగుందిగా," అన్నాడు ద్రాగో నేల చూస్తూ. "కార్లో వైన్ కంటే బాగుంది. చెబితే వాడికి ద్రోహం చేసినట్టు ఉంటుందని చెప్పలేదు."

ఆమె ద్రాగో ఎదుటికి ఒకడుగు వేసింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా తప్పులేదు. కానీ ఆమె కొమ్మ అతని చేతిలో పెట్టి, వీళ్లందర్నీ తన ముంగిట్లోకి తీసుకురమ్మంది. పెపిని మాంసం కోయమంది. స్టాంకోను గ్లాసులు కడగమంది. ద్రాగోను కూజాలు నింపి అందించమంది, అదీ అలవాటు లేని వేగంతో.

ఆ తర్వాత జరిగినది తిండి కాదు, దండయాత్ర. పట్నం జనం బల్లలు దొరక్క గోడల మీద కూర్చుని తిన్నారు. తిండి ప్రియులు ముందు ఫొటోలు తీసి, తర్వాత వాసన చూసి, తర్వాత ఫోన్లు పక్కన పడేసి మనుషుల్లా తాగారు. హాలండ్ ఆయన తెరానో ఒక గుక్క తాగి, గ్లాసు ఖాళీ కాకముందే రెండోదానికి చెయ్యి చాపాడు. ఆ రోజు వాళ్లంతా వెళ్లి ఇంకెంతమందికి చెప్పారో, మర్నాడు నేను దుకాణం మూసి వెళ్లేసరికి వాకిట్లో నిలబడే చోటు లేదు. నేను చేసిన పాపమల్లా ఒరెస్తేను వెంట తీసుకెళ్లడం. అతని కేసు ఇంకా ముగియలేదట. హాలండ్ దంపతులే ముఠా నాయకులని రుజువు చెయ్యడానికి బిర్యానీ ఆకు జేబులో పెట్టుకుని వచ్చాడు.

పొద్దు వాలేసరికి జనం పలచబడ్డారు. ఒరెస్తే ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుని వాకిలి వైపు చూపించాడు. స్టూలు మీద ఎవరో నిలబడి, వాకిలి కమాను నుంచి ఐవీ కొమ్మ విప్పుతున్నారు.

"కదలకు," అన్నాడు నాతో. నేనెటూ కదలడం లేదు. అతను బల్లల మధ్య నుంచి వంగి వంగి వెళ్లి, ఒక్క ఉరుకు ఉరికి ఆ మనిషి రెండు కాళ్లూ గట్టిగా వాటేసుకున్నాడు.

"దొరికింది దొంగ," అని అరిచాడు. "కొమ్మతో సహా."

అందరూ తిరిగి చూశారు. స్టూలు మీద నెవెంకా.

ఈ గుట్టల మీద పుట్టి పెరిగిన ఏ పసివాణ్ణడిగినా చెబుతాడు, ఇంటివాళ్లు కొమ్మ విప్పుతున్నారంటే అర్థమేమిటో. ద్రాగోకు అర్థమై ఖాళీ కూజాను బల్ల మీద బోర్లించాడు. పెపి, స్టాంకో లేచి నిలబడి టోపీలు తీశారు. మా మేధావి మాత్రం కాళ్లు వదలకుండా, అసలు నేరస్తురాలు మొదటినుంచీ ఫిర్యాదీయేనని, ఇంత పెద్ద ఎత్తుగడ తను ఇంతవరకూ చూడలేదని మాకందరికీ వివరిస్తున్నాడు.

"పట్టుకున్నావుగా ఒరెస్తే," అంది నెవెంకా పైనుంచి. "అలాగే గట్టిగా పట్టుకో, స్టూలు ఊగుతోంది. పీపాల్లో అడుగు చుక్క కూడా మిగల్లేదు. మా అమ్మాయికి ఫోన్ చెయ్యాలి, నన్ను పడెయ్యకు."

నవ్వుతోంది. కార్లో పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నా వంతు గ్లాసు నాకు దక్కలేదు. దాహంతోనే కారెక్కాను. నాకేమీ చింత లేదు.